ముప్ఫయ్యొక డిగ్రీల దగ్గర

తరమణి సందులో అద్దెగది. మే నెల.
తెల్లవారుజాము నాలుగుకే గోడ మీద థర్మామీటరు
ముప్ఫయ్యొకటి చూపిస్తుంది.
సరిగ్గా ఆ వేడి దగ్గరే
బొగ్గుపులుసు వాయువు మనసు మార్చుకుంటుంది.
తగినంత ఒత్తిడి తోడైతే చాలు
ఇటు గాలీ కాదు, అటు నీరూ కాదు.
గాలిలా దూరుతుంది, నీళ్ళలా బరువు తూగుతుంది.
"హీటర్ ఎందుకు మేడమ్, చెన్నై చాలదా"
అని నవ్వుతాడు ల్యాబ్‌లో సెల్వమణి.

నా ప్రయోగం ఒక రాయి.
టార్చిలైటు బ్యాటరీ అంత ఇసుకరాయి.
శనగలు నానబోసినట్టు
రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టి
ఉక్కుగొట్టంలో బిగించి
వంద బార్ల ఒత్తిడితో అడుగుతాను:
ఎంత దాచుకుంటావు?
ఎన్నాళ్ళు?

మాది బేతంచెర్ల.
నాపరాళ్ళ మీద పాకి, నాపరాళ్ళ మీదే పలక పెట్టి
అక్షరాలు దిద్దినదాన్ని.
రాళ్ళన్నీ ఒకటే అనుకున్నాను.
తాగే రాయి వేరు, తాగని రాయి వేరని
ఇక్కడికొచ్చాక తెలిసింది.
కింద తాగేది ఉండాలి. పైన తాగనిది మూత పడాలి.
ఆ జంట ఎక్కడ కుదురుతుందోనని
మా ప్రొఫెసర్ వేలు మ్యాపు మీద
కావేరి నుంచి గోదావరి దాకా మెల్లగా జరుగుతుంది,
సంబంధాలు వెతికే పెద్దమనిషిలా.

పరీక్షలో అడిగారు:
శాశ్వతం అనగానేమి? ఐదు మార్కులు.
వెయ్యేళ్ళలో నూటికి ఒక పాలు మించి
తప్పించుకోకపోవడం, అని రాశాను.
ఐదుకి ఐదూ వేశారు.
అసలు పేపరు దిద్దేవాళ్ళు ఇంకా పుట్టలేదు.

ఓ శనివారం మమ్మల్ని ఎన్నూరు తీసుకెళ్ళారు.
బూడిద కలిసిన నీళ్ళలో నడుం దాకా దిగి
చేతులతో తడిమి రొయ్యలు పడుతోంది ఒకామె.
పళ్ళ మధ్య సంచీ.
ఆమె చిమ్నీ వైపు చూడలేదు.
నేనే చూశాను. లెక్క వేశాను,
రోజుకిన్ని టన్నులు, దానికి నా రాళ్ళు ఎన్ని కావాలో.
క్యాలిక్యులేటర్‌లో సున్నాలు పట్టలేదు.

గేటు బయట మునిరత్నం ఇస్త్రీ బండి.
తాతల నాడు చిత్తూరు వదిలి వచ్చారట,
తెలుగు మాత్రం ఇంకా వాళ్ళని వదల్లేదు.
"ఏం చదవతా ఉండావు పాపా?"
పొగని పట్టి భూమిలో పెట్టే చదువు, అన్నాను.
పెట్టె ఆపలేదు. కాలరు తిప్పాడు.
"భూమి ఊరకుంటాదా?"

నాకు తెలిసిందంతా చెప్పాను.
కిలోమీటరు లోతు, మూతరాయి, బావి చుట్టూ సిమెంటు,
కొంత నీళ్ళలో కరుగుతుంది,
కొంత రాతిలో చేరి రాయే అయిపోతుంది.
తల ఊపుతూ నా చుడీదారు నాలుగు మడతలేసి
"నాకీ పెట్టెడు బొగ్గులే సముదాయించేకి కాదు" అన్నాడు.

నిన్న సాయంత్రం తెర మీద ఒత్తిడి జారడం మొదలైంది.
రాయి తప్పు కాదు. బిగింపుది.
సబ్బునురగ పూస్తే మూడో నట్టు దగ్గర
ఆవగింజంత బుడగ
ఊరి, ఉబ్బి, పగిలి,
మళ్ళీ ఊరి.
వెంటనే రెంచీ అందుకోవాలి. అందుకోలేదు.
పద్నాలుగు రోజుల పని అలా ఊపిరి వదులుతుంటే
పసిపిల్ల నిద్రని చూసినట్టు
చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదింటికి గేటు దాటేసరికి
మునిరత్నం బండి కట్టేస్తున్నాడు.
మిగిలిన బొగ్గుల్ని ఆర్పలేదు.
బూడిద పోసి, గరిటెతో అదిమి, అంచులు సర్ది
పైన రేకు కప్పాడు.
పొద్దుటికి ఉంటుందా, అన్నాను.
"ఉంటే ఉండినట్టు.
లేకుంటే పక్కబండోణ్ణి అడుక్కుంటా."

గదికొచ్చి నోట్సు తెరిచాను.
మూతరాయి అని ఉన్నచోట కొట్టేసి
నివురు, అని రాశాను.
కాసేపటికి అదీ కొట్టేశాను.
నివురుని పొద్దున్నే ఎవరో ఒకరు
ఊది చూస్తారు.

ఇవాళ కొత్త వాషరు.
గోడ మీద ముప్ఫయ్యొకటి.
ఉప్పునీళ్ళ గిన్నెలో ఇంకో రాయి
చిన్న చిన్న గాలిబుడగలు వదులుతూ
తాగుతోంది.